కడుపుతో ఉన్నప్పుడు ప్రమాదాన్ని ముందే గుర్తించడం ఎలా?

ఎనిమిదో నెల. రెండు రోజులుగా తలనొప్పి. నిద్ర చాలక అనుకుని నుదుటికి బామ్ రాసుకుని పడుకుంది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఇలాంటి మాట చుట్టాల్లోనో వీధిలోనో విననివాళ్ళు మనలో తక్కువ. పెద్దవాళ్ళు దీన్ని గుర్రపు వాతం అనేవారు, ఉన్నట్టుండి మీద పడే గండం అనుకునేవారు. నిజానికి అది ఆ రాత్రి మొదలైంది కాదు. చాలామందిలో అంతకు ముందు కొన్ని రోజులుగానో వారాలుగానో బీపీ పెరుగుతూ వచ్చి ఉంటుంది. కొలిచినవాళ్ళు ఉండరు, లేదా కొలిచినా ఆ అంకెను ఎవరూ పట్టించుకుని ఉండరు.

గర్భంలో వచ్చే పెద్ద ప్రమాదాల్లో చాలావాటిది ఇదే తీరు. ఒంట్లో బాధగా తెలియకముందే ఎక్కడో ఒక అంకెలో కనిపిస్తాయి. 2018–20 ప్రభుత్వ లెక్కల్లో, పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోయారు. తెలంగాణలో ఆ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశం కన్నా మనం మెరుగే. కానీ అవే లెక్కల్లో కేరళలో 19. అంటే మన దగ్గర పోతున్న ప్రాణాల్లో సగానికి పైగా నిలబెట్టుకోగలిగినవే.

ఈ వ్యాసం డాక్టరుకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఏం పట్టుకుని, ఎంత తొందరగా వెళ్ళాలో తెలియడానికి రాస్తున్నాను. మీరు కడుపుతో ఉంటే మీరు చదివి, మీ ఇంట్లోవాళ్ళ చేత కూడా చదివించండి. ప్రమాదం వచ్చిన రోజు నిర్ణయం తీసుకునేది చాలా ఇళ్ళల్లో వాళ్ళే.

ముందు వారాల లెక్క సరిచూసుకోండి

మనం నెలల్లో లెక్కేస్తాం, డాక్టర్లు వారాల్లో లెక్కేస్తారు. ఈ తేడా వల్ల చాలా పొరపాట్లు జరుగుతాయి. చివరిసారి నెలసరి మొదలైన తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఆ తేదీ గుర్తు లేకపోయినా, నెలసరి క్రమంగా రాకపోయినా మూడు నెలలు నిండకముందు తీసిన స్కానింగ్‌ను నమ్మండి. కడుపులో బిడ్డ వయసు తేల్చడానికి అన్నిటికన్నా అదే సరైనది, తర్వాత తీసే స్కానింగులు అంత కచ్చితంగా చెప్పలేవు.

ఇదెందుకంటే, 37 వారాల ముందు నొప్పులు వస్తే వాటిని నెలలు నిండని నొప్పులుగా చూడాలి. 34 వారాల లోపు ఆస్పత్రికి చేరితే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చే వీలుంటుంది. అవి పనిచేయడానికి కొంత టైమ్ కావాలి, అందుకే నొప్పులు ముదిరే దాకా ఇంట్లో ఉండకూడదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదనే మాట వినే ఉంటారు. అది తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ముహూర్తం చూసి సిజేరియన్ పెట్టించుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. వైద్య కారణం ఏదీ లేనప్పుడు 39 వారాలు నిండకుండా తేదీ పెట్టమని డాక్టరును ఒత్తిడి చేయకండి.

మొదటి చెకప్‌లోనే మీ సంగతంతా చెప్పేయండి

నెల తప్పిందని తెలియగానే, మూడు నెలలు నిండేలోపే పేరు నమోదు చేయించుకోండి. ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటున్నా సరే, ఆశా వర్కరుకు చెప్పి ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) తీసుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. రిస్కు ఉన్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కరు వేస్తారు. ఎర్ర స్టిక్కరు చూసి భయపడకండి, దాచకండి. ఎక్కడికి వెళ్ళినా మిమ్మల్ని ముందుగా చూడాలని అది చెబుతుంది.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంతకు ముందు కాన్పులో బీపీ వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా, కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోయిందా, బిడ్డ కడుపులోనే పోయిందా, సిజేరియన్ అయిందా. మీ అమ్మకో అక్కకో గర్భంలో బీపీ వచ్చిందా. షుగర్, థైరాయిడ్, గుండె, కిడ్నీ జబ్బులు, ఫిట్స్ మందులు ఏమైనా ఉన్నాయా. అబార్షన్ల సంగతి అత్తగారి ముందు చెప్పడం ఇబ్బందిగా ఉంటే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అది మీ హక్కు.

ఈ జాబితా ఊరికే అడగడం లేదు. గర్భంలో బీపీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ళకు 12 వారాల నుంచి, వీలైతే 16 వారాల లోపు మొదలుపెట్టి, తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అది రిస్కును నిజంగా తగ్గిస్తుంది. అయిదో నెలలో వెళ్ళి పాత సంగతులు చెబితే ఆ అవకాశం చాలావరకు చేజారినట్టే. సొంతంగా మాత్రం వేసుకోకండి.

ఇంకొకటి. కడుపు నిలిచిన మొదటి వారాల్లో పొత్తికడుపులో ఒక పక్కన గట్టి నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం కొసన నొప్పి వస్తే అది గర్భం ట్యూబులో నిలిచిన లక్షణం కావచ్చు. రక్తం బయటికి కనిపించకుండా లోపలే పోతుంది. వెంటనే స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి.

బీపీ: ప్రతి చెకప్‌లో, సరిగ్గా

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త దీని మీదే పెట్టమంటాను. ఎందుకంటే దీన్ని పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక, వదిలేస్తే ఖరీదు అన్నిటికన్నా ఎక్కువ.

20 వారాల తర్వాత బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే అది మామూలు విషయం కాదు. పై అంకె బాగున్నా కింది అంకె 90కి చేరితే లెక్కలోకి వస్తుంది. కొన్ని గంటల తేడాతో మళ్ళీ కొలిచి నిర్ధారిస్తారు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్ల పరీక్షల్లో తేడా వచ్చినా దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. 160/110 చేరితే ఏ బాధా లేకపోయినా అది ఎమర్జెన్సీ. "నాకేం బాగానే ఉంది" అని ఇంటికొచ్చేయకూడదు.

కొలిచే తీరులో తప్పు జరిగితే అంకె కూడా తప్పే. రద్దీ ఓపీలో మెట్లెక్కి ఆయాసంగా వచ్చి కూర్చోగానే పట్టీ చుట్టేస్తారు. అయిదు నిమిషాలు కూర్చుంటానని అడగండి. మూత్రానికి వెళ్ళి రండి. వీపు కుర్చీకి ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఆన్చి కూర్చోవాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. మనవాళ్ళలో తరచూ జరిగే ఇంకో పొరపాటు, బిగుతు జాకెట్టు చేతిని భుజం దాకా పైకి మడవడం. ఆ మడత తాడు కట్టినట్టు బిగుసుకుని కొలత మారిపోతుంది. చెకప్ రోజున చేతులు వదులుగా ఉన్న బట్టలు వేసుకోండి. చేయి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడగండి, చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

కొలిచాక "నార్మల్" అన్న మాటతో లేచి రాకండి. అంకె చెప్పమనండి, కార్డులో రాయించుకోండి, పోయినసారి అంకెతో పోల్చుకోండి. మూడో నెలలో 100/60 ఉన్న మనిషికి ఏడో నెలలో 136/86 వచ్చిందంటే గీత దాటకపోయినా గీత వైపు నడుస్తోందని అర్థం. అలాంటప్పుడు నెల రోజులు ఆగకుండా వారంలోపే మళ్ళీ చూపించుకోవాలి.

మూత్ర పరీక్ష కూడా అంతే ముఖ్యం. పొద్దున మొదటిసారి పోసే మూత్రంలో మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. తెల్లబట్ట కలిస్తే ప్రొటీన్ ఉన్నట్టు తప్పుగా చూపించే వీలుంది, శుభ్రం చేసుకుని పట్టాలి. పరీక్ష పుల్ల మీది పసుపు గడి ఆకుపచ్చకు తిరిగితే ప్రొటీన్ ఉన్నట్టు. రంగు ఎంత చిక్కబడితే అంత ఎక్కువ. రిపోర్టులో ఒక ప్లస్సు ఉన్నా డాక్టరుకు చూపించకుండా ఫైల్లో పెట్టేయకండి.

కాళ్ళ వాపుల గురించి ఇళ్ళల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, కడుపుతో ఉన్నప్పుడు వాపులు మామూలేనని. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, పడుకుని లేస్తే తగ్గిపోతే మామూలే. పొద్దున లేవగానే ముఖం, కళ్ళ కింద, చేతులు ఉబ్బినా, ఉంగరం వేలికి పట్టేసినా, వారంలోనే కిలోకు పైగా బరువు పెరిగినా బీపీ చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే అది రక్తం గడ్డ కట్టిన లక్షణం కావచ్చు, అదే రోజు వెళ్ళాలి. రెండోది, ఉప్పు మానేస్తే అన్నీ సర్దుకుంటాయని. చప్పిడి కూడు తినడం వల్ల ఈ జబ్బు ఆగదు. ఉప్పు మానేశాం కదా అన్న ధైర్యంతో ఆస్పత్రికి వెళ్ళడం వాయిదా వేస్తే అక్కడే ప్రమాదం.

ఒకవేళ ఇంట్లోనే ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. 108కు ఫోన్ చేసి "గర్భిణి, ఫిట్స్" అని మొదటి మాటలోనే చెప్పండి. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్. పెద్దాస్పత్రి దూరమైతే దగ్గరి పీహెచ్‌సీలో మొదటి డోసు వేసి పంపించమని అడగవచ్చు.

రక్తం, షుగర్, గ్రూపు

మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 నుంచి 11 లోపు ఉంటే మాత్రల మోతాదు పెంచుతారు. 7 కన్నా తగ్గితే బీట్‌రూట్‌తో, దానిమ్మతో సరిపెట్టుకునే దశ దాటిపోయింది, ఆస్పత్రిలో వైద్యం కావాలి. కాన్పులో అందరికీ కొంత రక్తం పోతుంది. 12 ఉన్నావిడ తట్టుకునే నష్టాన్ని 7 ఉన్నావిడ తట్టుకోలేదు.

ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. వికారం వస్తోందని చాలామంది డబ్బాలో అలాగే ఉంచేస్తారు. రాత్రి అన్నం తిన్న గంటన్నర తర్వాత నిమ్మరసంతో వేసుకుని చూడండి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మందు రంగే. టీ, కాఫీలతో పాటు వేసుకోకండి. క్యాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండింటికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

షుగర్ పరీక్ష మొదటి చెకప్‌లో ఒకసారి, మళ్ళీ 24–28 వారాల మధ్య ఒకసారి చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గర్భంలో వచ్చే షుగర్ ఉన్నట్టు. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని మానేయకండి, లేనివాళ్ళకూ వస్తుంది. తిండి మార్చుకోవడంతో, నడకతో చాలామందికి అదుపులోకి వస్తుంది. ఇన్సులిన్ వాడాల్సి వస్తే భయపడకండి, అది బిడ్డకు హాని చేయదు.

మీ గ్రూపు నెగెటివ్, మీవారిది పాజిటివ్ అయితే 28 వారాలప్పుడు ఒకసారి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం. అబార్షన్ అయినా ఈ ఇంజెక్షన్ సంగతి అడగాలి.

సిజేరియన్ అయినవాళ్ళు మాయ ఎక్కడుందో అడగండి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అంటే ఇప్పుడు రెండో బిడ్డను మోస్తున్నవాళ్ళలో చాలామందికి గర్భసంచి మీద పాత కుట్టు ఉంది. మాయ గర్భసంచి కింది భాగంలో ఉండి ఆ కుట్టు మీద అతుక్కుంటే, కాన్పులో అది ఊడి రాక విపరీతంగా రక్తం పోతుంది. అయిదో నెల స్కానింగ్‌లో బిడ్డ గుండె, వెన్నెముక గురించి అందరం అడుగుతాం. "మాయ ఎక్కడుంది, పాత కుట్టుకు ఎంత దూరంలో ఉంది?" అని కూడా అడగండి. కిందికి ఉందంటే 32 వారాలప్పుడు మళ్ళీ చూపించుకోండి, చాలామందిలో అప్పటికి పైకి జరుగుతుంది. జరగకపోతే రక్తనిధి, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు ఉన్న పెద్దాస్పత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి. ఇంటికి దగ్గరని చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరకండి.

పుట్టింటికి వెళ్ళేటప్పుడు

తొలి కాన్పుకు సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పంపడం మన ఆచారం. అమ్మ దగ్గర ఉండడం మంచిదే. కానీ బీపీ పెరగడం ఎక్కువగా చూసేది సరిగ్గా ఈ నెలల్లోనే. హైదరాబాద్‌లో చూపించుకున్న అమ్మాయి శ్రీకాకుళమో ఖమ్మమో వెళ్ళాక, పాత డాక్టరు దూరమై, కొత్త డాక్టరు ఇంకా కుదరక, మూడు నాలుగు వారాలు ఎవరూ బీపీ చూడకుండా గడిచిపోతాయి.

బయల్దేరే ముందు చివరి చెకప్ చేయించుకోండి. స్కానింగులు, రక్తపరీక్షలు, మందుల చీటీలు అన్నీ ఫోటోలు తీసి మీ ఫోన్‌లో, మీ అమ్మ ఫోన్‌లో పెట్టండి. అసలు కాగితాలు మీతో తెచ్చుకోండి. ఇంటికి చేరిన వారంలోపే అక్కడి ఆస్పత్రిలో చూపించుకోండి. కాన్పు ఎక్కడో తెలియకుండా నొప్పులు వచ్చిన రోజున ఫైలు లేకుండా వచ్చే మనిషికి వైద్యం చేయడం ఏ డాక్టరుకైనా కష్టం.

తెల్లారే దాకా ఆగకూడనివి

రక్తం కనిపించడం, ఏ నెలలోనైనా. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మాయ కిందికి ఉంటే నొప్పి లేకుండానే పోతుంది. మాయ ముందే విడిపోతే కడుపు రాయిలా గట్టిపడి భరించలేని నొప్పి వస్తుంది, బయటికి కనిపించే రక్తం కొంచెమే ఉండవచ్చు. స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో తేలకుండా లోపల చేయి పెట్టి పరీక్ష చేయనివ్వకండి.

తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో కుడి పక్కన నొప్పి. ఈ చివరిదాన్ని గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగి పడుకునేవాళ్ళు చాలామంది. నెలలు పెరిగాక ఈ నొప్పి వస్తే ముందు బీపీ చూపించాకే గ్యాస్ అనుకోండి.

ఉమ్మనీరు పోవడం. టైమ్ రాసుకోండి, తెల్లటి గుడ్డ పెట్టుకుని రంగు చూడండి. పచ్చగా, గోధుమ రంగులో ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసిందని. రంగు ఎలా ఉన్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

బిడ్డ కదలికలు తగ్గడం. 28 వారాల తర్వాత మీ బిడ్డ ఎప్పుడు ఎక్కువ తిరుగుతుందో మీకే తెలుస్తుంది. ఆ తీరు తగ్గిందనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని కదలికల మీదే ధ్యాస పెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే, లేదా పూర్తిగా ఆగిపోయాయనిపిస్తే, వెళ్ళిపోండి. నెలలు నిండేకొద్దీ చోటు చాలక కదలడం తగ్గుతుందనే మాట నమ్మకండి.

చలిజ్వరం, ఆయాసం, ఆగని వాంతులు కూడా ఇందులోవే. అరచేతులు, అరికాళ్ళలో రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే మర్నాడు కాలేయం పరీక్ష చేయించుకోండి.

భర్తకు, అత్తమామలకు

ప్రాణం పోయే ఆలస్యాలు మూడు చోట్ల జరుగుతాయి. వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడంలో, దారిలో, ఆస్పత్రిలో. మొదటి రెండూ మీ చేతిలో ఉన్నాయి. పైన చెప్పిన లక్షణం ఏది వచ్చినా ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా తీసుకెళ్ళాలని ఇప్పుడే అనుకోండి. ఎనిమిదో నెల నాటికి మూడు విషయాలు తేలిపోవాలి. ఏ ఆస్పత్రి, అక్కడ కుదరకపోతే రెండోది ఏది. అర్ధరాత్రి 108 ఆలస్యమైతే పిలవడానికి ఎవరి ఆటో, ఎవరి కారు. అవసరమైతే రక్తం ఇచ్చే ఇద్దరు ఎవరు. ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, రవాణా ఉచితమని 2011 నుంచి పథకమే ఉంది. డబ్బు చేతిలో లేదని ఆగిపోవద్దు.

కాన్పయ్యాక కూడా లెక్కలు ఆపకండి

బిడ్డ పుట్టగానే అందరి చూపూ బిడ్డ మీదికి మళ్ళుతుంది. తల్లికి ప్రమాదం మాత్రం తీరిపోలేదు. మొదటి రోజు రక్తస్రావం మీద కన్నుండాలి. గంటలోపే ప్యాడు పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, ఒళ్ళు చల్లబడి కళ్ళు తిరుగుతున్నా నర్సును పిలవండి. బాలింతకు ఇదంతా మామూలేనని ఎవరన్నా ఊరుకోకండి.

బీపీ కాన్పుతో వెంటనే తగ్గదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఇంకా పెరిగే వీలుంది. సరిగ్గా అప్పుడే ఇంటికి పంపిస్తారు. గర్భంలో మామూలుగా ఉన్నవాళ్ళకు కూడా కాన్పయిన ఆరు వారాల లోపు కొత్తగా రావచ్చు. డిశ్చార్జ్ అయ్యాక మొదటి పది రోజుల్లో రెండు మూడుసార్లయినా ఏఎన్‌ఎం చేతనో దగ్గరి క్లినిక్‌లోనో కొలిపించుకోండి. బాలింతకు తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోకుండా ముందు బీపీ చూడండి. విదేశాల్లో ఉన్న కూతురి కాన్పుకు వెళ్తున్న తల్లులు చేతికి చుట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి ఇంట్లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు ఆరు వారాలకు మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి, తర్వాత కూడా ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి. బీపీ వచ్చినవాళ్ళు ఏటా బీపీ చూపించుకోవాలి. డిశ్చార్జ్ కాగితంలో ఏ సమస్య వచ్చిందో స్పష్టంగా రాయించుకుని, అది ఫైల్లో భద్రంగా ఉంచండి. మళ్ళీ నెల తప్పినప్పుడు మొదటి చెకప్‌కు ఆ కాగితం పట్టుకెళ్ళాలి, 12 వారాలు దాటకముందే.